వికీపీడియాలో సర్టిఫికెట్ల ప్రకటనలు: ఏరేసే పద్ధతి

గోడ మీద అంటించాల్సిన కాగితం వికీపీడియాలో వ్యాసమై కూర్చుంటే గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మొదటి వాక్యంలోనే 'ప్రతిష్ఠాత్మక', 'అంతర్జాతీయ గుర్తింపు పొందిన' అన్న మాటలుంటాయి. ఆ తర్వాత సిలబస్, ఫీజు, పరీక్షలో ఎన్ని ప్రశ్నలు, పాసైతే ఎంత జీతం. చిట్టచివర ఫోన్ నంబరు. కష్టమంతా దాన్ని తీయించడంలోనే ఉంది. తీసెయ్యాల్సిన పేజీకి తప్పు కారణం రాస్తే అది చర్చలో నిలబడిపోతుంది. ఒకసారి నిలబడిందంటే ఆ చర్చనే చూపించి, రెండోసారి కదపబోయిన వాళ్ల నోరు మూయిస్తారు.

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండి తెలుగు వికీలో రాసేవారికి ఈ పనిలో ఇతరులకు లేని సౌకర్యం ఒకటుంది. ఇక్కడి సంస్థల కరపత్రం సాధారణంగా ఒకటే ఉంటుంది, దాన్నే ఒడియాలోకి, తెలుగులోకి, ఇంగ్లీషులోకి దించుతారు. మూడూ చదవగలిగినవారికి ఏది దేనికి నకలో ఇట్టే తెలుస్తుంది. హైదరాబాదులో కూర్చున్న నిర్వాహకుడికి (పేజీలు తొలగించే హక్కున్న వాడుకరికి) ఒడియా పత్రిక కత్తిరింపు బొమ్మతో సమానం. మీకది చదవదగిన కాగితం.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. ఆ సర్టిఫికెట్ మంచిదా, పనికిరానిదా, ఎవరినైనా మోసం చేస్తోందా అన్నది వికీపీడియా తేల్చే విషయం కాదు. సంస్థతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, ఆ సర్టిఫికెట్ గురించి విస్తారంగా రాశారా? అడగాల్సింది ఇదొక్కటే. పనికిమాలిన సర్టిఫికెట్ మీద పత్రికలు పరిశోధించి నాలుగు కథనాలు రాసి ఉంటే దానికి వ్యాసం ఉండొచ్చు. ఎంతోమందికి ఉద్యోగం తెచ్చిన మంచి కోర్సు గురించి ఎవరూ రాయకపోతే దానికి వ్యాసం ఉండదు. ఇది మింగుడుపడనివారు తొలగింపు ప్రతిపాదనలో 'నకిలీ', 'దొంగ సంస్థ' అని రాస్తారు. అప్పుడు చర్చంతా దాని మీదికి పోతుంది, పరువునష్టం బెదిరింపులు కూడా వస్తాయి, పేజీ మాత్రం అక్కడే ఉంటుంది.

చరిత్రతో మొదలు

పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కి అడుగు నుంచి పైకి చదవండి. మొదటి దిద్దుబాటు పరిమాణం చూడండి. సమాచారపెట్టె, లోగో, మూలాలు, వర్గాలు అన్నీ ఒకే దెబ్బకు పడి ఉంటే అది బయట తయారుచేసి తెచ్చిన సరుకు. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వికీ చూపించేది బైట్లను, అక్షరాలను కాదు. తెలుగు లిపిలో అచ్చుకో హల్లుకో గుణింతపు గుర్తుకో ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. కాబట్టి తెలుగు వికీలో 12,000 బైట్ల పేజీ కనిపించినంత పెద్దది కాదు. ఇంగ్లీషులో అదే అంకె కనిపిస్తే అందులో దాదాపు మూడు రెట్ల సరుకుంటుంది.

తర్వాత ఆ వాడుకరి ఇంకేం రాశారో చూడండి. ఆ ఒక్క పేజీ, దానికి లింకులు కలిపే పదిహేను చిన్న దిద్దుబాట్లు తప్ప వేరేమీ లేకపోతే సంగతి అర్థమవుతుంది. అలాగని అదొక్కటే తొలగింపుకు కారణం కాదు. మధ్యలో ఎవరైనా ప్రచార మాటలు తీసేస్తే వాటిని ఎవరు, ఎంతసేపట్లో తిరిగి పెట్టారో కూడా రాసి పెట్టుకోండి. చర్చలో పనికొస్తుంది.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది: పాత కూర్పుల్లో ఏదైనా బాగుండేదా? తటస్థంగా రాసిన ఆరు వాక్యాల మొలక (చిట్టి వ్యాసం) మీద తర్వాతెప్పుడో కరపత్రం తెచ్చి కుమ్మరించిన పేజీలు తక్కువేమీ కాదు. అలాంటిదాన్ని తొలగించమనడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టుకోవడమే. మంచి కూర్పు తెరిచి, 'మార్చు' నొక్కి, 'ప్రచార పాఠ్యానికి ముందున్న కూర్పుకు' అని దిద్దుబాటు సారాంశం రాసి ప్రచురిస్తే పని అయిపోతుంది.

ఇక నకలు సంగతి. వ్యాసంలో కొంచెం ప్రత్యేకంగా ఉన్న వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఇయర్‌విగ్ కాపీవియో డిటెక్టర్ పేజీనంతా ఒకేసారి పోల్చి చూపిస్తుంది. ఇందులో రెండు చోట్ల పొరబడతారు. వికీపీడియానే నకలు కొట్టుకునే సైట్లు బోలెడు, కాబట్టి ఎవరిది ముందో, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో తేదీ చూసిగానీ చెప్పకూడదు. రెండోది, అనువాదం ఇలాంటి పరికరాలకు చిక్కదు. ఒడియా కరపత్రాన్ని తెలుగు చేసి పెట్టినా అది కాపీహక్కు ఉల్లంఘనే, కానీ కనిపెట్టాల్సింది మనిషే.

దాన్ని పట్టించే మాటలు కొన్నున్నాయి. ఒడియాలో 'ప్రమాణపత్ర' అంటే సర్టిఫికెట్. తెలుగులో ప్రమాణపత్రం అంటే అఫిడవిట్, సర్టిఫికెట్‌ను ధ్రువపత్రం అంటాం. ఒడియాలో 'విజ్ఞాపన' అంటే వాణిజ్య ప్రకటన. తెలుగులో విజ్ఞాపన అంటే వేడుకోలు. తెలుగు వ్యాసంలో 'కోర్సు పూర్తిచేసినవారికి ప్రమాణపత్రం ఇస్తారు', 'సంస్థ విజ్ఞాపన ప్రకారం' లాంటి వాక్యాలు కనిపిస్తే మూలం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, ఒడియా కరపత్రం తెప్పించుకుంటే చాలు.

మూలాలు తూచడం

తొంభై పాళ్లు పని ఇక్కడే. వ్యాసం కింద పదో పదిహేనో మూలాలుంటాయి. చూసి బెదిరిపోకుండా ఒక్కొక్కటీ తెరిచి ఒక కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి: ఇది సంస్థకు సంబంధం లేనివారు రాసిందా, నమ్మదగిన చోట వచ్చిందా, ఈ సర్టిఫికెట్ గురించే కనీసం రెండు మూడు పేరాలు ఉన్నాయా. మూడు గళ్లలోనూ టిక్కు పడినవే లెక్కలోకి వస్తాయి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ మూలం వ్యాసంలోని ఏదో ఒక వాక్యానికి ఆధారం కావచ్చుగానీ వ్యాసం ఉండటానికి ఆధారం కాదు.

పత్రికా కథనాల దగ్గర సరిహద్దు జిల్లాల వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సంస్థ ఒక పత్రికా ప్రకటన రాసి పంచుతుంది. శ్రీకాకుళం జిల్లా పేజీలో అది తెలుగులో వస్తుంది, బరంపురం సంచికలో ఒడియాలో వస్తుంది. వ్యాసంలో అవి రెండు వేర్వేరు మూలాలుగా, రెండు భాషల పత్రికల గుర్తింపుగా కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చదవండి. పేరాల వరస ఒకటే, అంకెలు ఒకటే, డైరెక్టరు గారు అన్న మాట కూడా ఒకటే అయితే అది ఒక్క మూలం, అదీ సంస్థ సొంత మాట. కథనం పైనో కిందో చిన్న అక్షరాల్లో తెలుగులో 'ప్రకటన' అనో 'అడ్వర్టోరియల్' అనో, ఒడియాలో 'విజ్ఞాపన' అనో ఉందేమో చూడండి. ఆ ఒక్క మాట మీదే చర్చ తేలిపోయిన సందర్భాలుంటాయి. దాన్ని తెలుగు అర్థంలో చదివి 'వినతి' అని అనువదించి ఊరుకుంటే చేతికి చిక్కిన ఆధారం జారిపోయినట్టే.

ఒడియాలో వెతికేటప్పుడు ఇబ్బందులు చిన్నవేగానీ ఫలితం సున్నా అయ్యేది వీటివల్లే. మామూలు ఒడియా రాతలో 'వ', 'బ' రెండింటికీ ఒకే అక్షరం వాడతారు కాబట్టి తెలుగు పేరును ఉన్నదున్నట్టు లిపి మార్చి వెతికితే దొరక్కపోవచ్చు, 'బ' రూపంతోనూ వెతకాలి. సంవత్సరాలను ఒడియా అంకెల్లో వేసే పత్రికలున్నాయి, అందుకని తేదీతో వెతికేటప్పుడు రెండు రకాల అంకెలూ ప్రయత్నించాలి. ఆన్‌లైన్ ఈ-పేపర్లలో చాలావాటి పేజీలు బొమ్మలే, వాటిలో మాటలు వెతుకులాటకు దొరకవు. వ్యాసంలో తేదీ ఇచ్చి ఉంటే ఆ రోజు సంచిక తెరిచి కళ్లతో చూడటమే దారి.

పొడి అక్షరాలు ఇంకో ఉచ్చు. 'సీఎంఏ' అని వెతికితే మన దేశంలో 1959 నాటి చట్టం కింద నడిచే కాస్ట్ అకౌంటెంట్ల అర్హత వస్తుంది, అమెరికాలోని సర్టిఫైడ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ వస్తుంది. మూడోవాడెవరో అవే మూడక్షరాలు పెట్టుకుని కొత్త సర్టిఫికెట్ తెస్తే ఆ రెండింటి కీర్తీ తన ఖాతాలో వేసుకుంటాడు. అందుకని ఎప్పుడూ పూర్తి పేరుతో, కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఇచ్చే సంస్థ పేరు కలిపి వెతకాలి.

'గుర్తింపు' అన్న పేరుతో వ్యాసంలో చూపించే కాగితాలను విడివిడిగా చూడాలి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ట్రస్టుగానో సొసైటీగానో రిజిస్టరు కావడం సంస్థ ఉందనడానికి రుజువు, కోర్సుకు గుర్తింపు కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారమని చెప్పే కాగితం. ట్రేడ్‌మార్కు పేరు మీద హక్కు మాత్రమే. ఐఎస్ఓ 9001 సంస్థ పని నడిపే పద్ధతికి సంబంధించిన ప్రమాణం, అదీ ఐఎస్ఓ స్వయంగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, వేరే ఆడిటింగ్ సంస్థలు ఇస్తాయి. మనుషులకు అర్హత పత్రాలిచ్చే సంస్థలకు వర్తించే ప్రమాణం వేరు, అది ఐఎస్ఓ/ఐఈసీ 17024. వ్యాసంలో 'ఐఎస్ఓ గుర్తింపు' అని మాత్రమే ఉండి నంబరు లేకపోతే ఏ నంబరో చర్చాపేజీలో అడగండి. జవాబు రాకపోవడం కూడా జవాబే.

ప్రభుత్వ గుర్తింపు అన్నప్పుడు ఏ చట్టం, ఏ మండలి అన్నది తేలాలి. డిగ్రీ ఇచ్చే హక్కు యూజీసీ చట్టం 1956, 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన సైట్లోనే పెడుతుంది. ఒడిశాలో పాలిటెక్నిక్ డిప్లొమాలు, ఐటీఐల వ్యవహారం భువనేశ్వర్‌లోని రాష్ట్ర సాంకేతిక విద్యా వృత్తి శిక్షణ మండలి చూస్తుంది. నైపుణ్య కోర్సులకు 2013 డిసెంబరులో నోటిఫై చేసిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ఉంది. అందులో చేరిన అర్హతలు జాతీయ అర్హతల రిజిస్టరులో కనిపిస్తాయి, అక్కడ పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. చార్టర్డ్ అకౌంటెంట్ అర్హతకు 1949 నాటి చట్టం, కంపెనీ సెక్రటరీకి 1980 నాటి చట్టం ఆధారం.

ఇదంతా చూసేది వ్యాసంలోని అబద్ధపు వాక్యాన్ని తీసెయ్యడానికి. రిజిస్టరులో పేరు లేదు కాబట్టి వ్యాసం తొలగించాలనడం వాదన కాదు. డిగ్రీ సంగతి వేరుగానీ, ఒక కోర్సు నడిపి 'పూర్తిచేశారు' అని కాగితం ఇవ్వడాన్ని సాధారణంగా ఏ చట్టమూ ఆపదు. అలాగే రిజిస్టరులో పేరున్నంత మాత్రాన వ్యాసానికి అర్హత రాదు, అది జాబితాలో ఒక వరస, అంతే.

ఇంకా కొన్ని. ఉద్యోగ ప్రకటనలో 'పీజీడీసీఏ (కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ డిప్లొమా) ఉండాలి' అని ఉంటే అది పీజీడీసీఏ అనే కోర్సు రకానికి వాడుక ఉందనడానికి గుర్తు. ఫలానా సంస్థవారి పీజీడీసీఏకి ప్రాముఖ్యత ఉందని దాని అర్థం కాదు. పరీక్షకు తయారయ్యే గైడు పుస్తకాలను కొందరు గట్టి మూలాలుగా చూపిస్తారు. గైడ్లు అమ్ముడుపోతున్నాయని మాత్రమే అవి చెబుతాయి, ఆ అర్హత ఎలా పుట్టింది, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు విమర్శించారు అన్నవి వాటిలో ఉండవు. ప్రాజెక్టులు నడిపేవారికి 1984లో వచ్చిన పీఎంపీ మీదా, కంప్యూటర్ భద్రతలో 1994లో వచ్చిన సీఐఎస్ఎస్పీ మీదా వ్యాసాలున్నాయి కదా అని వాదిస్తారు. వాటి మీద సంబంధం లేనివారు రాసిన పుస్తకాలు, పరిశోధన పత్రాలు దొరుకుతాయి, అందుకున్నాయి. పక్కింటికి మేడ ఉందని మన ఇంటికి పన్ను వెయ్యరు.

ఏ దారి పట్టాలి

మూలాల కాగితం పూర్తయ్యాక దారి దానంతట అదే తెలుస్తుంది. టిక్కులు పడిన మూలాలు రెండో మూడో ఉంటే తొలగింపు ఆలోచన వదిలి ప్రచారాన్ని కోసెయ్యండి. 'దేశంలోనే అత్యంత ప్రతిష్ఠాత్మకమైన ఈ సర్టిఫికెట్ వేలాది యువత జీవితాలు మార్చింది' అన్నదాన్ని 'ఇది ఫలానా సంస్థ ఫలానా సంవత్సరం నుంచి ఇస్తున్న ధ్రువపత్రం' అని మారిస్తే చాలు. ఫీజుల పట్టిక, సిలబస్, పరీక్షా కేంద్రాల జాబితా, పూర్వ విద్యార్థుల పేర్లు మొత్తం పోవాల్సిందే, ఎందుకంటే వికీపీడియా కేటలాగు కాదు.

సర్టిఫికెట్ మీద మూలాలు లేకపోయినా ఇచ్చే సంస్థ మీద ఉంటే, సంస్థ వ్యాసంలో ఒక పేరా కలిపి ఈ పేజీని దారిమార్పు చెయ్యండి, అంటే దీన్ని తెరిస్తే సంస్థ వ్యాసానికి పోయేలా. చాలా పేజీలకు సరైన ముగింపు ఇదే, గొడవ కూడా తక్కువ. ఒక నియమం మాత్రం మరిచిపోకూడదు. పాఠ్యాన్ని వేరే పేజీలోకి తీసుకుపోతే పాత పేజీ చరిత్ర ఉండాలి, ఎందుకంటే వికీ లైసెన్సు సీసీ బై-ఎస్ఏ 4.0 ప్రకారం రాసినవారి పేరు నిలవాలి. అందుకే 'విలీనం చేసి తొలగించండి' అన్న ప్రతిపాదన చెల్లదు. విలీనం చేస్తే దారిమార్పు మిగలాలి. విలీనపు దిద్దుబాటు సారాంశంలో పాఠ్యం ఏ పేజీ నుంచి వచ్చిందో లింకుతో రాయాలి.

రెండూ లేకపోతే తొలగింపే. ఇంగ్లీషు వికీలో ఇందుకు మూడు మెట్లున్నాయి. మొదటిది సత్వర తొలగింపు, అంటే చర్చ లేకుండా వెంటనే తీసెయ్యడం. పేజీ మొదటి నుంచి చివరి దాకా ప్రకటనే అయి, మొత్తం తిరగరాస్తే తప్ప బాగుపడకపోతే దానికి వాడే ప్రమాణం జీ11. నకలు స్పష్టంగా ఉంటే జీ12. గతంలో చర్చలో తొలగించినదే మళ్లీ వస్తే జీ4. కొత్తవాళ్లు ఇక్కడ ఏ7 (ప్రాముఖ్యత ఏమిటో చెప్పని పేజీలకు వాడేది) పెట్టి భంగపడతారు. ఏ7 వ్యక్తులకు, సంస్థలకు, వెబ్ సరుకుకు, కార్యక్రమాల వంటివాటికే గానీ సర్టిఫికెట్‌కు వర్తించదు, విద్యాసంస్థలకైతే మినహాయింపే ఉంది. జీ11 పెట్టాక ఒక నిర్వాహకుడు 'ఇందులో రెండు తటస్థ పేరాలున్నాయి' అని తిప్పికొడితే చిన్నబుచ్చుకోకుండా తర్వాతి మెట్టుకు వెళ్లండి.

రెండో మెట్టు ప్రాడ్, అంటే ఎవరూ అడ్డుచెప్పకపోతే 7 రోజులకు పోయేది. పేజీ పైన పెట్టే ఆ మూసను (టెంప్లేటును) ఎవరైనా తీసెయ్యొచ్చు, పేజీ సృష్టించినవారు కూడా. ఒకసారి తీసేశాక మళ్లీ పెట్టకూడదు. సంస్థ మనిషి కాపలా కాస్తున్న పేజీకి ప్రాడ్ పెట్టడం వారం దండగ. నేరుగా మూడో మెట్టుకు, అంటే ఏఎఫ్‌డీ (వ్యాసాల తొలగింపు) చర్చకు వెళ్లడమే మేలు. అది కనీసం 7 రోజులు నడుస్తుంది. చేత్తో చేస్తే పేజీలో మూస, చర్చకు కొత్త పేజీ, ఆ రోజు జాబితాలో నమోదు, సృష్టికర్తకు కబురు అన్నీ విడివిడిగా చెయ్యాలి. ట్వింకిల్ అనే ఉపకరణం వాడితే ఒకే నొక్కు. కాకపోతే ట్వింకిల్ దొరకాలంటే ఖాతాకు 4 రోజుల వయసు, 10 దిద్దుబాట్లు ఉండాలి.

తెలుగు వికీలో ఈ అక్షరాలు, నంబర్లు రాసి లాభం లేదు. ప్రతి వికీకి సొంత విధానాలున్నాయి. తొలగింపు మూసలో కారణాన్ని మాటల్లో రాసి, చర్చాపేజీలో వివరించి, సృష్టించినవారి వాడుకరి చర్చాపేజీలో కబురు పెట్టండి. స్పందన రాకపోతే రచ్చబండలో (తెలుగు వికీలో అందరి చర్చావేదిక) ఒక్క వాక్యం రాయొచ్చు. నిర్వాహకులు కొద్దిమంది, జీతం లేని పని, రెండు రోజులకోసారి గుర్తుచెయ్యడం మర్యాద కాదు. ఒడియా వికీలోనూ అదే పేజీ ఉంటే అక్కడ విడిగా ప్రతిపాదించాలి. ఇక్కడ తొలగింది కాబట్టి అక్కడా తొలగించాలనడం కుదరదు, మీ మూలాల కాగితాన్ని అక్కడా చూపించాలి.

ప్రతిపాదన రాయడం

పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు. 'ప్రచారం, తొలగించాలి' అని రెండు ముక్కల్లో రాస్తే ఎవరూ నమ్మరు. ఈ మాదిరిగా ఉంటే సరిపోతుంది:

'ఈ వ్యాసం ఫలానా సంస్థ ఇచ్చే ఒక సర్టిఫికెట్ గురించి. ఇచ్చిన 9 మూలాల్లో 4 సంస్థ వెబ్‌సైటువే. 2 ఉద్యోగ ప్రకటనలు, వాటిలో పేరు తప్ప ఇంకేమీ లేదు. 2 పత్రికా కథనాలు ఒకే పత్రికా ప్రకటనకు తెలుగు, ఒడియా రూపాలు, పేరాల వరస కూడా మారలేదు. మిగిలిన ఒక్కటి తెరుచుకోవడం లేదు, వేబ్యాక్ మెషీన్‌లోనూ దాని ప్రతి లేదు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో పూర్తి పేరుతోనూ పొడి అక్షరాలతోనూ వెతికాను. సంబంధం లేనివారు విస్తారంగా రాసింది దొరకలేదు. సంస్థ మీద వ్యాసం లేనందున దారిమార్పుకూ చోటు లేదు. తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను.'

ఇందులో పొగిడే విశేషణం గానీ తిట్టే విశేషణం గానీ ఒక్కటీ లేదు చూడండి. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది పర్లాకిమిడిలో ఉండే. సూటిగా రాయడానికి ఇక్కడివాళ్లకు వేరే గురువు అక్కర్లేదు.

ప్రతిపాదించే ముందు పేజీలోని మూలాలు, పేరాలు మీరే పీకేసి ఖాళీ చెయ్యకండి. చర్చకు వచ్చినవారికి మొండెం కనబడుతుంది, 'మూలాలన్నీ తీసేసి మూలాలు లేవంటున్నారు' అన్న మాట పడుతుంది. దీనికి మినహాయింపు ఒక్కటే. వ్యక్తుల సొంత ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, విద్యార్థుల రోల్ నంబర్లు ఉంటే వెంటనే తీసెయ్యండి. చరిత్రలోంచి కూడా మాయం చేయించాలంటే ఆ వివరాలను రచ్చబండలో రాయకుండా, దాపు హక్కులున్నవారికి (దిద్దుబాట్లను నిర్వాహకులకూ కనబడకుండా దాచగలిగేవారికి) ఈమెయిలు పంపండి. అలాంటివారు లేని వికీలకు, అన్ని వికీల మీదా అధికారమున్న స్టివార్డులు ఆ పని చేస్తారు.

రాసినవారెవరో మీకు తెలిసినా బయటపెట్టకూడదు. పక్క వీధిలో కోచింగ్ సెంటరు నడిపేవారేనని ఊరందరికీ తెలిసి ఉండవచ్చు, అయినా వారు వికీలో తమంతట తాము చెప్పుకోనంత వరకు పేరెత్తితే తప్పు మీదవుతుంది, నిరోధం పడేది మీ ఖాతాకే. అడగదగిన ప్రశ్న ఒకటుంది: 'ఈ వ్యాసం రాసినందుకు మీకు ప్రతిఫలం ముడుతోందా?' వికీమీడియా వాడుక నియమాల్లో 2014 జూన్ నుంచి, ప్రతిఫలం తీసుకుని రాసేవారు ఆ సంగతి వెల్లడించాలన్న షరతుంది. ఉద్యోగి తన సంస్థ గురించి పనిలో భాగంగా రాసినా అది ప్రతిఫలమే. వారి వాడుకరి చర్చాపేజీలో మర్యాదగా, 'గారు' చేర్చి అడగండి. నిజంగా తెలియక రాసిన కుర్రాళ్లు చాలామంది ఆ ప్రశ్నతోనే ఆగిపోతారు, కొందరు మంచి వికీపీడియనులు కూడా అవుతారు.

చర్చ నడిచేటప్పుడు

కొత్త ఖాతాలు వచ్చి 'ఉంచాలి, చాలా ఉపయోగకరం' అని వరసగా రాస్తాయి. తల లెక్కతో చర్చ తేలదు, వాదన బరువుతో తేలుతుంది, కాబట్టి ప్రతివారికీ జవాబివ్వాల్సిన పని లేదు. ఎవరైనా కొత్త మూలం తెస్తే మాత్రం తెరిచి చూసి, అదే మూడు గళ్ల లెక్క రాయండి. ఆ మూలం నిజంగా బాగుంటే ప్రతిపాదన వెనక్కి తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

మీరూ వాట్సాప్ గ్రూపులో 'వచ్చి తొలగించాలని రాయండి' అని పిలవకూడదు. అవతలివాళ్లు చేసేది తప్పయితే అదీ తప్పే, చర్చ అక్కడితో పాడవుతుంది. మూసను ఎవరైనా పీకేస్తే ఒకటి రెండు సార్లు తిరిగి పెట్టి, తర్వాత నిర్వాహకులకు చెప్పండి. ఇంగ్లీషు వికీలో 24 గంటల్లో మూడుకు మించి రద్దులు చేస్తే న్యాయం ఎవరివైపున్నా నిరోధం పడవచ్చు. చర్చ మొదలవకముందే మూలాల లింకులన్నిటినీ వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి, వ్యాసం పాఠ్యాన్ని మీ కంప్యూటర్లో దాచుకోండి. తొలగించాక చరిత్ర నిర్వాహకులకు తప్ప ఎవరికీ కనబడదు, అదే పేజీ మళ్లీ వచ్చినప్పుడు పోల్చడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

తొలగించిన తర్వాత

చాలామంది ఇక్కడ చేతులు దులుపుకుంటారు, సగం పని మిగిలి ఉండగానే. 'ఇక్కడికి లింకున్న పేజీలు' తెరవండి. ఆ సర్టిఫికెట్ పేరు ఊళ్ల వ్యాసాల్లో, వృత్తుల వ్యాసాల్లో, పొడి అక్షరాల అయోమయ నివృత్తి పేజీల్లో, వ్యక్తుల పేర్ల వెనక చేరి ఉంటుంది. రాయగడ, పర్లాకిమిడి లాంటి ఊళ్ల పేజీల్లో 'విద్యాసంస్థలు' విభాగం వీటికి ఇష్టమైన చోటు. ఎర్రలింకు (లేని పేజీకి ఉన్న లింకు) తీస్తే చాలదు, ఆ వాక్యమే మూలం లేనిదైతే వాక్యాన్నీ తీసెయ్యాలి. లింకు లేకుండా మామూలు పాఠ్యంగా చేర్చినవి ఆ జాబితాలో రావు, వాటికోసం పేరు కొట్టి వెతకాలి.

సంస్థ వెబ్‌సైటు లింకు ఇంకా ఎక్కడెక్కడ ఉందో 'బయటి లింకుల అన్వేషణ' చూపిస్తుంది. వికీపీడియా బయటి లింకులకు నోఫాలో గుర్తుంటుంది, ఇంగ్లీషు వికీలో 2007 జనవరి నుంచి. అంటే ఆ లింకును చూసి సైటు ర్యాంకు పెంచవద్దని సెర్చింజన్లకు చెప్పడం. డబ్బు తీసుకుని పేజీలు రాసిపెట్టే ఏజెన్సీలు ఈ సంగతి తమ ఖాతాదారులకు చెబుతాయో లేదో మరి. అదే లింకు పలు భాషల వికీల్లో మళ్లీ మళ్లీ పడుతుంటే అన్ని వికీలకూ ఉమ్మడి సైటైన మెటాలో ప్రపంచ స్థాయి స్పాం నిషేధ జాబితా ఉంది, అక్కడ అడగవచ్చు. దిద్దుబాట్ల లింకులతో సహా అడిగితేనే వింటారు.

వికీలన్నీ వాడుకునే బొమ్మల భండారం కామన్స్‌లో లోగో, కరపత్రం ఫొటో మిగిలి ఉంటే అక్కడ విడిగా తొలగింపు ప్రతిపాదించాలి. వివిధ భాషల పేజీలను ఒకదానితో ఒకటి కలిపే వికీడేటాలో అంశం ఒంటరిగా మిగిలితే, ఏ వికీలోనూ పేజీ లేదని చూసుకుని, అక్కడా అడగాలి.

పేజీ తిరిగి వస్తే సాధారణంగా వేరే వర్ణక్రమంతో వస్తుంది. తెలుగులో ఇది మరీ తేలిక: సర్టిఫైడ్, సర్టిఫయిడ్, సర్టిఫైడు, ప్రొఫెషనల్, ప్రొఫెషినల్, మధ్యలో చుక్కలు పెట్టిన పొడి అక్షరాలు, పెట్టనివి. లేని పేజీని కూడా వీక్షణ జాబితాలో పెట్టుకోవచ్చు. ఈ రూపాలన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి నక్షత్రం నొక్కి ఉంచండి. పదే పదే వస్తుంటే ఆ పేరుతో పేజీ సృష్టించకుండా నిర్వాహకులు రక్షణ పెట్టగలరు.

ఏడాదో రెండేళ్లో గడిచాక ఆ సర్టిఫికెట్ మీద నిజంగానే ఎవరో పత్రికల్లో వివరంగా రాయవచ్చు. అప్పుడు చర్చను ముగించిన నిర్వాహకుడిని కొత్త మూలాలు చూపించి పునరుద్ధరణ అడగాలి. పాత పాఠ్యం ప్రకటనే కాబట్టి దాన్ని తిరిగి తెచ్చుకోవడం కన్నా వాడుకరి ఉపపేజీలో ఆ మూలాలతో కొత్తగా రాసి చూపించడం త్వరగా అవుతుంది.